పూలబండి, ఆశీలు చీటీలు, ఒక ‘మరియు’

ఈ కేసు పాత చిత్తూరు జిల్లాలోని ఒక పట్టణానిది. ఊరి పేరు, ఏడాది, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. నేను తిరుపతిలో ప్రాక్టీసు చేస్తాను. న్యాయ సేవల సంస్థ ప్యానెల్ వకీళ్లలో ఒకడిని కాబట్టి ఫీజు లేని కేసులు తరచుగా నా బల్ల మీదికి వస్తాయి. వాటిలో దీన్నే ఎంచుకుని రాయడానికి కారణం ఉంది. ఢిల్లీలో పార్లమెంటు చేసిన చట్టం ఒక గుడి వీధిలోని పూలబండి దాకా ఎలా నడిచి వస్తుందో, దారిలో ఎక్కడెక్కడ కూలబడుతుందో ఇంత దగ్గరగా నేను మరే కేసులోనూ చూడలేదు. నా పొరపాట్లు రెండు కూడా ఇందులో ఉన్నాయి.

నేపథ్యం

ఆమెకు యాభై దాటాయి. ఇరవై ఏళ్లకు పైగా ఒక గుడి తూర్పు వాకిలి పక్కన పూలు అమ్ముతున్నారు. మొదట గంప, తర్వాత తోపుడు బండి. కనకాంబరాలు, చామంతులు, మరువం, ఎండాకాలంలో మల్లెలు. తెల్లవారక ముందే మండీలో కొని, అరటినారతో మాల కట్టి, తడిగుడ్డ కప్పి, మూర లెక్కన అమ్మకం. రోజూ ఆశీలు, అంటే వీధిలో అమ్ముకున్నందుకు కట్టే రుసుము, వసూలు చేసే కాంట్రాక్టరు మనిషి వచ్చి డబ్బులు తీసుకుని చీటీ చింపి ఇచ్చేవాడు. ఆ చీటీలు పారేయడం ఆమెకు చేతకాలేదు. డబ్బులిచ్చి కొన్న కాగితం కదా అని ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేస్తూ వచ్చారు. ఈ డబ్బా సంగతి గుర్తుంచుకోండి.

ఆమెకు అండగా ఉన్న చట్టం వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ, వీధి విక్రయాల క్రమబద్ధీకరణ చట్టం, 2014. పేరులో పరిరక్షణ ముందుంది, క్రమబద్ధీకరణ తర్వాత వచ్చింది. మన ఊళ్లలో అమలు మాత్రం రెండో సగంతో మొదలవుతుంది.

ఈ చట్టం ఒక్కరోజులో పుట్టలేదు. కాలిబాట మీద వ్యాపారం చేసుకోవడం కూడా రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలోకి వస్తుందని, అయితే దానికి సహేతుకమైన ఆంక్షలు ఉండవచ్చని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004లో జాతీయ విధానం వచ్చింది. 2009లో దాన్ని సవరించి, ఊరి వీధులు రాష్ట్రాల వ్యవహారం కాబట్టి మీరే చట్టం చేసుకోండని కేంద్రం రాష్ట్రాలకు ఒక నమూనా బిల్లు పంపింది. నమూనా నమూనాగానే మిగిలింది. 2010లో గైందా రామ్ కేసులో సుప్రీంకోర్టు విసుగెత్తి, 2011 జూన్ 30లోగా చట్టం తెమ్మని గడువు పెట్టింది. గడువు దాటిపోయాక, 2012 సెప్టెంబర్‌లో బిల్లు లోక్‌సభకు వచ్చింది. అక్కడి నుంచి, బిల్లులను వివరంగా పరిశీలించే ఎంపీల బృందమైన పట్టణాభివృద్ధి స్థాయీ సంఘానికి వెళ్లింది. సంఘం 2013 మార్చిలో నివేదిక ఇచ్చింది. లోక్‌సభ 2013 సెప్టెంబర్ 6న ఆమోదించింది. రాజ్యసభ 2014 ఫిబ్రవరి 19న.

ఆ తేదీ దగ్గర తెలుగువాళ్లం ఒక్క క్షణం ఆగాలి. ఫిబ్రవరి 13న లోక్‌సభలో మిరియాల స్ప్రే. 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా విభజన బిల్లు ఆమోదం. 20న రాజ్యసభలో దానికే ఆమోదం. నడుమ 19న వీధి వ్యాపారుల బిల్లు గట్టెక్కింది. ఆ వారమంతా టీవీల ముందు కూర్చున్న మనలో ఎంతమందికి ఇది తెలుసు? నాకు తెలియదు. 2014 చట్టాల్లో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టానిది ఆరో నంబరు, వీధి వ్యాపారుల చట్టానిది ఏడో నంబరు. వరసలో పక్కపక్కనే ఉన్నాయి. ఏడో నంబరు మే 1న అమల్లోకి వచ్చింది. నెల తిరగగానే రాష్ట్రం రెండయింది. నియమాలు రాయాల్సిన యంత్రాంగం ఫైళ్లు, కుర్చీలు పంచుకోవడంలో మునిగిపోయింది.

నియమాల సంగతి ఎందుకంటే, ఈ చట్టంలో పార్లమెంటు ఎముకల గూడు మాత్రమే కట్టింది. కండ పెట్టే పని రాష్ట్రాలకు వదిలింది. దాన్ని తప్పని నేను అనను. ముంబై కాలిబాటకూ పలమనేరు సంతకూ ఒకే కొలత పనికిరాదు. చిక్కు వరసలో ఉంది. 38వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం ఆరు నెలల్లో పథకం తయారు చేయాలి, అదీ అధికారులు, వ్యాపారుల ప్రతినిధులు కలిసి ఉండే టౌన్ వెండింగ్ కమిటీని సంప్రదించి. ఆ కమిటీని ఎలా ఏర్పాటు చేయాలో చెప్పేవి నియమాలు. 36వ సెక్షన్ ప్రకారం నియమాలకు గడువు ఏడాది. అంటే ఏడాదికి పుట్టే బిడ్డను ఆరో నెలలోనే సలహా అడగాలి. స్థాయీ సంఘం నెలల తరబడి చూసిన బిల్లులోనే ఈ ముడి ఉండిపోయింది.

చిన్న పక్కమాట. ఆ పదిహేనో లోక్‌సభలో బిల్లుల్లో 71 శాతం స్థాయీ సంఘాలకు వెళ్లాయి. పదిహేడో లోక్‌సభకు వచ్చేసరికి అది 16 శాతానికి పడిపోయింది. సంఘం చూసినా ముడి మిగిలింది కదా, ఇక సంఘాలెందుకు అని ఒక జూనియర్ నన్ను అడిగాడు. డాక్టరు చూశాక కూడా జ్వరం తిరగబెట్టిందని ఆస్పత్రి మూసేస్తామా అన్నాను. అతను నవ్వాడు కానీ ఒప్పుకున్నట్టు లేదు.

సమస్య ఎలా వచ్చింది

వరలక్ష్మీ వ్రతం ముందురోజు, గురువారం మధ్యాహ్నం. పూలమ్మేవారికి ఏడాదిలో అంతకు మించిన గిరాకీ రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆమె మండీలో అప్పు చేసి మామూలుకు నాలుగింతలు సరుకు దించారు. మూడు గంటలకు పురపాలక ట్రాక్టరు వచ్చింది. ట్రాఫిక్‌కు అడ్డమని వాకిలి వరసలోని బండ్లన్నీ ఎత్తారు. ఆమె బండిని పూలతో సహా తీసుకుపోయారు. రాతపూర్వక నోటీసు లేదు, స్వాధీనం చేసుకున్న సరుకు జాబితా లేదు.

ఆ సాయంత్రం అయిదున్నరకు న్యాయ సేవల సంస్థ తరఫున జనానికి సాయపడే ఒక పారా లీగల్ వాలంటీర్ ఆమెను ఫోనులో కలిపింది. “అయ్యా, బండి తర్వాత చూద్దాం, పూలు ఇప్పించండి, రేపటికి వాడిపోతాయి” అన్నారామె. నా బుర్ర అప్పటికే తొలగింపు చుట్టూ తిరుగుతోంది. చట్టమే మా వైపు ఉంది, కాగితాలు సర్దుకుని సోమవారం రమ్మన్నాను. శుక్రవారం పండగ సెలవు, తర్వాత రెండో శనివారం, ఆదివారం.

ఇది నా మొదటి పొరపాటు. 19వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. పాడైపోయే సరుకు స్వాధీనం చేసుకుంటే, అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. పాడవని సరుకైతే రెండు పనిదినాల్లో. ఆ సాయంత్రం వాట్సాప్‌లో అయినా ఒక కాగితం పంపి ఉంటే కనీసం కోరిన ఆధారమైనా మిగిలేది. ఆమె అడిగినదే అసలైన అర్జెంటు. నేను వినిపించుకోలేదు. సోమవారం డిపోలో బండి దొరికింది. పూలు గోనెసంచిలో గోధుమరంగు ముద్దయి ఉన్నాయి. ఆమె సంచి మూతి విప్పి చూసి, మళ్లీ కట్టేశారు.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదట నోటీసు ఇచ్చాను. 3వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద వీధి వ్యాపారుల సర్వే ముగిసేవరకు ఎవరినీ తొలగించరాదని, 18వ సెక్షన్ కింద ముప్పై రోజుల ముందస్తు నోటీసు లేనిదే తొలగింపు చెల్లదని, లేకుంటే అధికారులు వ్యక్తిగతంగా బాధ్యులవుతారని రాశాను. ఈ చివరి వాక్యమే రెండో పొరపాటు. అప్పటిదాకా మాట్లాడుతున్న కిందిస్థాయి ఉద్యోగి ఆ రోజు నుంచి ఫోను ఎత్తలేదు. వారం తర్వాత ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: సర్వే ఎప్పుడో పూర్తయింది, మీ క్లయింటు పేరు అందులో లేదు.

తర్వాత 20వ సెక్షన్ కింద ఫిర్యాదుల పరిష్కార కమిటీ. సివిల్ జడ్జిగానో మేజిస్ట్రేటుగానో పనిచేసిన వ్యక్తి అధ్యక్షతన అది ఉండాలి. ఆ పట్టణంలో అది ఏర్పడనే లేదు. పార్లమెంటు కట్టిన గుమ్మం ఉంది, లోపల గది లేదు.

హైకోర్టులో రిట్ వేద్దామన్నది అందరూ ఇచ్చిన సలహా. నేను వెనకాడాను. ఖర్చు, అమరావతి దూరం ఒక కారణం. అసలు కారణం వేరు. ఇలాంటి రిట్లలో మొదటిరోజు వచ్చే ఉత్తర్వు సాధారణంగా ‘చట్టప్రకారం నడుచుకోండి’ అని ఉంటుంది. అధికారులు దాన్ని పట్టుకుని, ఈసారి ముప్పై రోజుల నోటీసు ఇచ్చి మరీ తొలగిస్తారు. ఆమె పేరు సర్వేలో లేదన్న మాట అలాగే నిలబడి ఉన్నంతకాలం, రిట్ వేయడమంటే ఎదుటివారికి సరైన దారి చూపించడమే. ముందు ఆ పేరు సంగతి తేల్చుకోవాలి. అందుకే రిట్ ఆపి, సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాను. సర్వే జాబితా, టౌన్ వెండింగ్ కమిటీ సభ్యుల వివరాలు, సమావేశాల తీర్మానాలు, వీధిలో అమ్ముకోవడానికి అనుమతిగా ఇచ్చిన వెండింగ్ సర్టిఫికెట్ల సంఖ్య అడిగాను. ముప్పై రోజుల గడువు. ఆ ముప్పై రోజులూ ఆమె గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగారు.

ఆ మధ్యలో వీధి వ్యాపారుల సంఘం పెద్దమనిషి ఒకాయన నన్ను నిద్రపోనివ్వలేదు. “చట్టం చేసింది పార్లమెంటు కదా సార్, మన ఎంపీ చేత అక్కడే అడిగిద్దాం. వీలైతే ఒక సవరణ బిల్లు కూడా పెట్టిద్దాం” అని పట్టుబట్టారు. మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లును ప్రైవేటు మెంబరు బిల్లు అంటారని, స్వతంత్రం వచ్చాక అలాంటివి మొత్తం 14 మాత్రమే చట్టాలయ్యాయని, ఆఖరిది 1970 నాటిదని చెప్పాను. ఆయన కాసేపు నన్ను అనుమానంగా చూసి, “అయితే ప్రశ్న అడిగిద్దాం” అన్నారు.

ప్రశ్న అడగడం నిజానికి ఎంపీ చేతిలో ఉన్న మంచి పనిముట్లలో ఒకటి. కానీ పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, తర్వాత లాటరీలో నెగ్గాలి. లోక్‌సభలో రోజుకు నక్షత్రం గుర్తున్నవి 20, లేనివి 230 జాబితాలోకి ఎక్కుతాయి. నక్షత్రం ఉన్నదానికి మంత్రి లేచి నిలబడి చెప్పాలి, ఎదురు ప్రశ్న వేయవచ్చు. లేనిదానికి రాతలో జవాబు వస్తుంది, అంతటితో సరి. మాది రెండో రకంలో వచ్చింది. నాలుగు వాక్యాల జవాబు: చట్టం అమలు రాష్ట్రాలు, పట్టణ స్థానిక సంస్థల బాధ్యత, వివరాలు అనుబంధంలో చూడవచ్చు. అనుబంధంలో రాష్ట్రాలవారీగా కమిటీల సంఖ్య ఉంది. కమిటీ ఏర్పడిందా లేదా అన్నదే లెక్క. అందులోని వ్యాపారులు ఎన్నికైనవారా, ఎవరో పేర్లు రాసిపెట్టినవారా అన్నది ఆ పట్టికకు పట్టలేదు.

ఇక్కడ ఒక కిటుకు నేర్చుకున్నాను. మంత్రి ‘సమాచారం సేకరిస్తున్నాం’ అని ఉంటే అది సభకు ఇచ్చిన హామీ అవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ అడుగుతుంది. ‘అది రాష్ట్రాల బాధ్యత’ అంటే హామీ లేదు, వెంటపడే కమిటీ లేదు. చట్టం కింద రాష్ట్రం చేసే నియమాలు వెళ్లేది రాష్ట్ర శాసనసభ ముందుకే. అంటే పార్లమెంటు ఒక బిడ్డను కని, పెంపకానికి పంపి, ఆ తర్వాత చూడటానికి వెళ్లే దారి కూడా తనకు పెద్దగా ఉంచుకోలేదు. ఎంపీగారి సహాయకుడు మర్యాదగానే మాట్లాడాడు. చేయగలిగింది చేశాడు కూడా. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

కలిసివచ్చింది

సమాచార హక్కు జవాబు ముప్పై రెండో రోజున వచ్చింది. దాన్ని రాత్రి భోజనం మాని చదివాను. సర్వే జరిగిన మాట నిజం. జాబితాలో మూడు వందలకు పైగా పేర్లు. వాటిలో ఆమె పేరు ఉంది! ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు, అమ్మే సరుకు దగ్గర ‘పూలు’ బదులు ‘పండ్లు’. కాబట్టే ఆమె వేరు, ఈమె వేరు అన్నారు.

ఇంకొక కాగితంలో వెండింగ్ సర్టిఫికెట్ల సంఖ్య ఉంది. జాబితాలోని వారిలో సగంమందికి కూడా అందలేదు. అప్పుడు మళ్లీ 3వ సెక్షన్ తెరిచాను. ఎన్నోసారో గుర్తులేదు. అంతకుముందు నేను నోటీసులో ‘సర్వే ముగిసేవరకు’ అని రాసి వదిలేశాను. చట్టం అంతటితో ఆగలేదు. సర్వే పూర్తి కావాలి, *మరియు* వ్యాపారులందరికీ సర్టిఫికెట్లు ఇవ్వాలి, అప్పటిదాకా తొలగించరాదు. రెండు షరతులు. రెండోదాన్ని నేను మింగేశాను. హైస్కూల్లో మా తెలుగు మాస్టారు ‘మరియు’ రాస్తే చెవి మెలిపెట్టేవారు. తెలుగు వాక్యానికి ఆ మాట అక్కరలేదు, అది ఇంగ్లీషు బరువు అనేవారు. ఆయన చెప్పింది నిజమే. కానీ శాసనాల్లో ఒక ‘మరియు’ మూడు వందల కుటుంబాల కూడు మోస్తుంది.

తర్వాతి నిర్ణయం వేదిక గురించి. చేతిలో ఆధారం ఉంది కాబట్టి ఇప్పుడు రిట్ వేయవచ్చు. అయినా జిల్లా న్యాయ సేవల సంస్థలో ప్రీ లిటిగేషన్ కేసుగా, అంటే కోర్టుకెక్కక ముందే రాజీకి ప్రయత్నించే కేసుగా పెట్టాను. మూడు లెక్కలు వేసుకున్నాను. న్యాయాధికారి సంతకంతో వచ్చే పిలుపుకు పురపాలక ఉద్యోగులు తప్పక వస్తారు. పదేపదే ఎదురుపడాల్సిన మనుషులతో ఓడించి గెలవడం కన్నా కూర్చుని ఒప్పించడం మేలు, నా నోటీసు నేర్పిన పాఠం అది. పైగా అక్కడ రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు అయితే దానికి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు.

ఆ రోజు ఆమె బిస్కెట్ల డబ్బా తెచ్చారు. బల్ల మీద మూత తీయగానే చీటీలు పొంగి బయటికి వచ్చాయి. కొన్ని పసుపు మరకలతో, కొన్ని తడిసి ఎండి అప్పడాల్లా. న్యాయాధికారి ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూశారు. మాసిన తేదీ, వాకిలి వీధి పేరు, పక్కన ‘పూలు’ అని పెన్సిలు రాత. అదే చేత్తో మరో పది తీసి చూశారు. అన్నింట్లో పూలే. రెండో కాగితం పీఎం స్వనిధి పథకం కింద పదివేల రూపాయల అప్పుకు ఆమె పేరిట అదే పురపాలక సంస్థ ఇచ్చిన సిఫారసు లేఖ, ఫొటోతో సహా. అప్పు ఇప్పించేటప్పుడు వీధి వ్యాపారి, బండి ఎత్తేటప్పుడు కాదు అంటే ఎలా అని నేను అనబోయి ఊరుకున్నాను. ఎదుటి ఉద్యోగే ఆ లేఖ రెండుసార్లు తిప్పి చూసి, “ఇది మాదే” అన్నాడు. అరవకుండా ఉంటే ఎదుటివాడు ఒప్పుకోవడానికి కాస్త చోటు మిగులుతుంది.

‘మరియు’ గురించి రెండు నిమిషాలు మాత్రమే మాట్లాడాను. సర్వే పూర్తయిందని వారి వకీలు చెప్పారు, ఒప్పుకున్నాను. సర్టిఫికెట్ల సంఖ్య వారి కాగితంలోనుంచే చదివాను. అంతే.

ఒప్పందం ఇలా కుదిరింది. జాబితాలో తప్పు సరిదిద్ది నెలరోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలి. బండికి వసూలు చేయదలచిన జరిమానా వదులుకోవాలి. మిగిలిన అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేవరకు ఆ వరసలో ఎవరినీ కదపరాదు. పూల నష్టం కోసం అడిగిన సొమ్ము మాత్రం రాలేదు. ఆ రోజే తిరిగి ఇమ్మని మేము కోరినట్టు కాగితం ఏదని వారు అడిగారు. నా దగ్గర లేదు.

వాకిలి పక్క చోటు విషయంలో నేను రాజీపడి, ఆమె బండిని కొంచెం జరపడానికి ఒప్పుకున్నాను. దీని మీద తోటి వకీళ్లలో భిన్నాభిప్రాయం ఉంది. చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం సర్వేలో సహజ మార్కెట్‌గా, అంటే అమ్మేవారూ కొనేవారూ ఏళ్లుగా చేరే చోటుగా గుర్తించినదాన్ని అమ్మకాల నిషేధ ప్రాంతంగా ప్రకటించకూడదు. రద్దీ ఒక్కటే కారణంగా కూడా నిషేధించకూడదు. గట్టిగా నిలబడి ఉండవలసిందని ఒక మిత్రుడు అంటాడు. సర్వేలో ఆ పూల వరసను సహజ మార్కెట్‌గా రాయలేదు. అది తేల్చాలంటే టౌన్ వెండింగ్ కమిటీ కూర్చోవాలి. కమిటీలో నలభై శాతం వ్యాపారుల ప్రతినిధులుండాలి, వారు ఎన్నికై రావాలి. ఆ ఎన్నిక జరగలేదు. ఆమెను అడిగాను. “యాభై అడుగులు జరిగితే ఏమయ్యా, రేపు పొద్దున బండి పెట్టుకోనిస్తారా?” అన్నారు. యాభై అడుగులు జరిగాము. అమ్మకం కొంత తగ్గిందని తర్వాత చెప్పారు.

నా పద్ధతిలో మారినవి

స్వాధీనం ఫోను వస్తే ఇప్పుడు మొదటి ప్రశ్న ‘సరుకు ఏమిటి’. పూలో, పండ్లో, ఇడ్లీ పిండో అయితే వేరే ఏదీ ముట్టుకోకుండా 19వ సెక్షన్ కింద రెండు వాక్యాల కోరిక అప్పటికప్పుడు పంపిస్తాను. నోటీసులో ‘వ్యక్తిగతంగా బాధ్యులు’ అన్న మాట రాయను. సమాచార హక్కు అర్జీ మొదటిరోజే పెడతాను. ఆశీలు చీటీలు దాచుకోమని ప్రతి సంఘం సమావేశంలోనూ చెబుతున్నాను.

ఇంకొక ప్రశ్న కూడా ముందే అడుగుతున్నాను: మీరు నిలబడే నేల ఎవరిది? ఇది ఇదే కేసులో తగిలిన దెబ్బ. ఆమెతోపాటు వచ్చిన వారిలో వేరుశనక్కాయలు వేయించి అమ్మే ఒకాయన ఉన్నాడు. ఆయన బండి స్టేషన్ గోడ లోపలి వైపు. చట్టం మొదటి సెక్షన్‌లోనే, రైల్వే స్థలాలకూ రైళ్లకూ ఇది వర్తించదని ఉంది. సర్వే మనిషి ఆయన పేరు అందుకే రాసుకోలేదు. ఆ మినహాయింపును రద్దు చేయించే శక్తి నాకు లేదు, ఆయన కోసం అవార్డులో ఒక్క వాక్యం కూడా పెట్టించలేకపోయాను.

ఆ సాయంత్రమే ఆయన బండి గోడ ఇవతలికి, పురపాలక రోడ్డు అంచుకు తోసుకున్నాడు. ఇప్పుడు తన పేరు రాసుకుంటారా అని అడిగాడు. సర్వే కనీసం అయిదేళ్లకొకసారి జరగాలని చట్టంలో ఉంది. గడిచిన సర్వే తేదీ సమాచార హక్కు జవాబులో ఉంది. లెక్క వేసి, ఆ నెలా సంవత్సరం ఆయన ఫోనులో నేనే రాసిపెట్టాను. ఆశీలు చీటీ ఇస్తే పారేయవద్దని కూడా చెప్పాను. “డబ్బా ఉంది సార్” అన్నాడు.